గుండ్రం, చతురస్రం, మధ్య రెండు గీతలు

2009 జనవరిలో ‘నేచర్ జెనెటిక్స్’ పత్రికలో ఒక పరిశోధనా పత్రం వచ్చింది. గుండె కండరంలో మయోసిన్ బైండింగ్ ప్రొటీన్-సి అనే ప్రొటీన్ ఉంటుంది. దాన్ని తయారుచేసే జన్యువులో 25 అక్షరాల ముక్క ఒకటి మన దేశంలో నూటికి సుమారు నలుగురిలో లేకుండా పోయిందనీ, అలాంటివాళ్ళకి గుండె కండరం చెడిపోయే ప్రమాదం మిగతావాళ్ళకంటే దాదాపు ఏడు రెట్లు ఎక్కువనీ ఆ పత్రం చెప్పింది. మొత్తం ఆరు కోట్లమంది ఉంటారని లెక్కగట్టారు. వార్తలన్నీ ఆ అంకె చుట్టూనే తిరిగాయి. నేను మాత్రం రచయితల పేర్ల దగ్గర ఆగిపోయాను. పాతికమంది ఉన్నారు. చివరి పేరు, అంటే పని నడిపించినవాళ్ళ పేరు, హైదరాబాదు సీసీఎంబీకి చెందిన కుమారసామి తంగరాజ్. మొదటి పేరు అప్పటి యువ పరిశోధకుడు పెరుందురై ధండపాణి. ఆ రెంటి మధ్య, పక్కపక్కనే, రెండు పేర్లు: సీసీఎంబీ నుంచి దీపా సెల్వి రాణి, ఉస్మానియా విశ్వవిద్యాలయం జన్యుశాస్త్ర విభాగం నుంచి ప్రతిభా నల్లారి.

శాస్త్ర పత్రాల్లో పేర్ల వరుసకి ఒక వ్యాకరణం ఉంది. మొదట ఉన్నవారు బల్ల దగ్గర పనిచేసినవారు, చివర ఉన్నవారు ప్రయోగశాల పెద్ద. మధ్యలో ఉన్నవాళ్ళు చాలాసార్లు రోగుల్ని వెతికి, కూర్చోబెట్టి, కుటుంబాల వివరాలు రాబట్టి, రక్తనమూనాలు సేకరించి, వాటిని ఏళ్ళతరబడి కాపాడినవాళ్ళు. చరిత్ర రాసేటప్పుడు మొదటి పేరూ చివరి పేరూ మిగులుతాయి, మధ్యవి ‘తదితరులు’లో కలిసిపోతాయి. ఈ వ్యాసం ఆ తదితరుల గురించి. ఒక పరిశోధకురాలి జీవితచరిత్ర రాయడం నా ఉద్దేశం కాదు. ఆమె పేరున్న పత్రాలు, వాటి వెనకున్న పద్ధతి, ఆ పద్ధతికి జవాబులు చెప్పిన ఆడవాళ్ళు, ఇవి నా ఆధారాలు. వాళ్ళలో మా ఇంటి ఆడవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి, ఇది నాకు దూరపు విషయమూ కాదు.

ప్రతిభా నల్లారి పేరుతో వచ్చిన పత్రాలు వరసగా పెట్టుకుని చూస్తే ఒక పట్టుదల కనిపిస్తుంది. ఎప్పుడూ గుండె కండరమే, గుండె లయే. గుండె గోడ మందమైపోయే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతీ, గుండె సాగి పల్చబడిపోయే డైలేటెడ్ కార్డియోమయోపతీ, పైకి ఏ లోపమూ కనిపించని గుండె ఒక్కసారిగా లయ తప్పే లాంగ్ క్యూటీ సిండ్రోమ్. 2009 పత్రానికి ఏడాది ముందే, 2008లో, ఇదే జన్యువులో భారతీయ రోగుల్లో కనిపించిన మార్పుల గురించి ఉస్మానియా నుంచి ఒక పత్రం కెనడా హృద్రోగ పత్రికలో వచ్చింది. అందులో ఆమెది చివరి పేరు. హైదరాబాదు, ముంబై డాక్టర్లతో కలిసి చేసిన పని అది. ఆ విభాగం నుంచి ఈ విషయంమీద వచ్చిన పత్రాల్లో పరిశోధక విద్యార్థినుల పేర్లు తరచు కనిపిస్తాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పరిశోధన చెయ్యడమంటే ఏమిటో ఈ పత్రిక పాఠకులకి నేను చెప్పనక్కర్లేదు. ఫెలోషిప్పు ఎప్పుడొస్తుందో తెలియదు, రసాయనాలు ఎప్పుడొస్తాయో అంతకన్నా తెలియదు. సెలవుల్లో కరెంటు పోతే ఫ్రీజర్లో నమూనాలేమవుతాయో అన్న బెంగ వేరే. ఊరికి అటుపక్క కేంద్ర సంస్థ, ఇటుపక్క విశ్వవిద్యాలయం. 1977లో పుష్పమిత్ర భార్గవ మొదలుపెట్టిన సీసీఎంబీకి ఉన్న వనరులు వేరు, ఓ.ఎస్. రెడ్డి స్థాపించిన ఉస్మానియా జన్యుశాస్త్ర విభాగానికి ఉన్నవి వేరు. కానీ మనుషుల దగ్గరికి వెళ్ళి కుటుంబాల చరిత్ర రాసుకోవడమనే పని ఖరీదైన యంత్రాలతో జరిగేది కాదు. దానికి కావలసింది ఓపికా, భాషా, ఎదుటివాళ్ళు నోరువిప్పేంత నమ్మకమూ.

ఆ పని ఎలా జరుగుతుందో చెప్పాలి. జన్యుశాస్త్రవేత్తలు కుటుంబ చరిత్రని మాటల్లో కాక ఒక పటంలో రాసుకుంటారు. మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి గుండ్రం. జబ్బు ఉన్నవాళ్ళని నల్లగా నింపుతారు. చనిపోయినవాళ్ళమీద అడ్డంగా ఒక గీత. ఆసుపత్రికి మొదట వచ్చిన మనిషి దగ్గర ఒక బాణం గుర్తు. పెళ్ళికి ఒక గీత. దగ్గరి రక్తసంబంధంలో పెళ్ళయితే రెండు గీతలు. మన తెలుగు కుటుంబాల పటాల్లో ఆ జంట గీతలు కళ్ళకి కొట్టొచ్చినట్టు కనబడతాయి. మేనత్త కొడుకు, మేనమామ కూతురు, ఇంకా దగ్గరగా స్వయానా మేనమామే.

ఈ పటం గియ్యడానికి కావలసిన జ్ఞాపకం ఎవరి దగ్గర ఉంటుంది? తాతని అడిగితే పొలాల హద్దులు చెప్తాడు, పాలివాళ్ళ పేర్లు చెప్తాడు. ఎవరికి ఎన్ని కాన్పులు, ఎన్ని పోయాయి, ఏ పిల్లాడు పరిగెత్తుతూ పడిపోయాడు, ఏ చెల్లెలు మెట్లెక్కితే ఆయాసపడేది, ఇవి అమ్మమ్మలకే తెలుసు. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ జ్ఞాపకాలే ఆధారమయ్యాయి. మౌఖిక చరిత్ర అని మనం పేరు పెట్టుకున్న పద్ధతినే జన్యుశాస్త్రం ఏ పేరూ పెట్టకుండా వాడుకుంటూ వచ్చింది. తేడా ఏమిటంటే, మన పుస్తకంలో చెప్పినవాళ్ళ పేర్లున్నాయి. అక్కడ గుండ్రాలున్నాయి.

ఇది హైదరాబాదుకి మాత్రమే చెందిన విషయం కాదు. ఈ జబ్బుకి మొదటి జన్యువు దొరికింది కూడా ఒక పల్లెటూరి కుటుంబం చెప్పిన కథల వల్లే. కెనడాలోని క్యుబెక్‌లో కోటికుక్ అనే ఊరి ఫ్రెంచి కుటుంబం ఒకటి తరతరాలుగా హఠాత్తుగా చనిపోతున్నదని డాక్టర్లు 1961లోనే రాసిపెట్టారు. ఆ కుటుంబాన్ని పట్టుకునే క్రిస్టీన్ సైడ్‌మన్, ఆమె సహచరుడు జాన్ సైడ్‌మన్, వాళ్ళ హార్వర్డ్ బృందమూ 1989లో లోపం 14వ క్రోమోజోములో ఉందని చూపించారు, 1990లో జన్యువునే పట్టుకున్నారు. ఆ 1990 పత్రంలో మొదటి పేరూ ఒక స్త్రీదే, అన్యా గైస్టర్ఫర్-లోరన్స్. గుండెజబ్బుల చరిత్ర అనగానే స్టెంట్లూ బైపాసులూ చేసిన పెద్దమనుషుల ఫొటోలు గుర్తొచ్చే మనకి ఈ పేర్లు తట్టవు.

మన దగ్గర రక్తసంబంధపు పెళ్ళిళ్ళ లెక్కలు శాస్త్రీయంగా మొదలైంది కూడా విచిత్రంగానే. జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో ఇంగ్లండు వదిలి కలకత్తా వచ్చేశాడు. ఆయన దగ్గర చేరిన పిఠాపురం యువకుడు ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలెన్ని, వాటి ఫలితాలేమిటి అని చేసిన పని 1960ల మొదట్లో అచ్చయింది. హాల్డేన్ పేరు అందరికీ తెలుసు. ఆయనతోపాటు వచ్చేసిన హెలెన్ స్పర్వే కూడా జన్యుశాస్త్రవేత్తే అనీ, హాల్డేన్ 1964లో పోయాక ఆమె ఈ దేశంలోనే ఉండిపోయి 1978లో మన హైదరాబాదులోనే కన్నుమూసిందనీ ఎంతమందికి తెలుసు? ఎక్కడ చూసినా ‘హాల్డేన్ భార్య’ అనే ఉంటుంది.

మేనరికం గురించి ఒక అపోహ తీర్చి ముందుకు వెళ్ళాలి. మేనరికం చేసుకుంటే గుండెజబ్బు వస్తుందని మా వైపు అనుకుంటారు. గుండె గోడ మందమయ్యే జబ్బు అలా రాదు. దానికి తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క చెడ్డ ప్రతి వస్తే చాలు, పెళ్ళి ఎవరితో అయినా ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. మేనరికం వల్ల జరిగేది మరొకటి. ఆ ప్రతి ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది, రెండు వైపుల నుంచీ అందిన బిడ్డకి జబ్బు చిన్నప్పుడే, తీవ్రంగా రావచ్చు. లాంగ్ క్యూటీలో ఒక రకం మాత్రం రెండు ప్రతులూ చెడితేనే వస్తుంది. పుట్టు చెవుడుతో ఉన్న పిల్ల, ఉలిక్కిపడితేనో భయపడితేనో స్పృహతప్పి పడిపోయే పిల్ల. రక్తసంబంధపు పెళ్ళిళ్ళున్న చోట ఆ రకం ఎక్కువ కనబడుతుంది. ‘దయ్యం పట్టింది’ అని తాయెత్తులు కట్టిన అలాంటి పిల్లలు మన ఊళ్ళలో ఎందరు పోయారో.

మాది మిర్యాలగూడ. సాగర్ ఎడమ కాలువ నీళ్ళూ, రైసుమిల్లుల ఊక వాసనా, ధాన్యం లారీల వరసలూ, ఇదీ మా ఊరు. మా చిన్న మేనమామ ఒక మిల్లులో గుమాస్తా. నలభై ఒకటో ఏట, ఒక మధ్యాహ్నం, కాటా దగ్గర నిలబడి ఉన్నవాడు ఉన్నట్టే కూలిపోయాడు. ఆయనకి భార్య మా అక్కే, స్వయానా నా తోడబుట్టింది. అప్పటికి దానికి ఇరవై తొమ్మిది. పదకొండోరోజున గాజులు తీసేటప్పుడు వెనకనుంచి ఎవరో అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది: “దాని కాలు మంచిది గాదు, మొగన్ని మింగింది.” అంటున్నది పరాయి మనిషి కాదు. మామకి స్వయానా పెద్దమ్మ, అంటే అక్కకి అమ్మమ్మ వరస. ఆమె తమ్ముడూ అలాగే నలభై లోపల పోయాడని మాకు తర్వాత తెలిసింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి మా చిన్నమ్మ వంతు వచ్చింది. ఆమెకి యాభై దాటింది. నాలుగేళ్ళుగా ఆయాసం, దడ. ఒకరు గ్యాసన్నారు, ఒకరు నరాల బలహీనతన్నారు, ఒకరు ‘ముట్లుడిగే వయసు గదమ్మా’ అని కాల్షియం బిళ్ళలు రాశారు. చివరికి హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో టూడీ ఎకో తీస్తే గుండె గోడ మందంగా ఉందని తేలింది. అక్కడ ఒక యువ డాక్టరు, కాగితంమీద చతురస్రమూ గుండ్రమూ గీసి, “మీ ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా ఎవరైనా పోయారా?” అని అడిగాడు. చిన్నమ్మని చూసే అడిగాడు. జవాబు మా చిన్నాయన చెప్పాడు: “అసొంటిదేం లేదు సార్. మావోళ్ళంత మంచిగనే ఉన్నరు.” చిన్నమ్మ తల వంచుకుని కూర్చుంది. డాక్టరు కాగితంమీద ఒక గుండ్రాన్ని మాత్రం నల్లగా నింపి, దాని పక్కన బాణం గుర్తు పెట్టి ఊరుకున్నాడు.

బయట వరండాలో నేను అడిగాను, మామల సంగతి ఎందుకు చెప్పలేదని.

“ఏం జెప్పమంటవు బిడ్డా? పిల్లకు సంబంధాలు జూస్తున్నం. ఆ కాయితం ఎవలకన్న దొరికితే నా బిడ్డకు పెండ్లయితదా?”

ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది. ఈ రోజుకీ పూర్తిగా లేదు. గుండెజబ్బు ఉన్న ఇంటి కొడుక్కి కట్నం కొంచెం తగ్గుతుందేమో, కూతురికి సంబంధమే తప్పిపోతుంది. ఒక శాస్త్రానికి అవసరమైన సమాచారం ఆడవాళ్ళ దగ్గర ఉంది, దాన్ని చెప్తే శిక్ష పడేదీ ఆడవాళ్ళకే. పటాల్లో ఖాళీలు మతిమరుపు వల్ల మాత్రమే వచ్చినవి కావు. ప్రతిభా నల్లారిలాంటి పరిశోధకుల పత్రాల్లో ‘కుటుంబ చరిత్ర ఉన్నవి’, ‘లేనివి’ అని కేసుల్ని విడదీసిన పట్టికలు చూసినప్పుడల్లా ఆ ‘లేనివి’లో మా చిన్నమ్మలాంటివాళ్ళు ఎందరున్నారో అనిపిస్తుంది.

ఇక్కడ ఇంకో లెక్క. ఈ జబ్బు లింగంతో ముడిపడిన క్రోమోజోముమీద లేదు. కొడుక్కీ కూతురికీ సమానంగా సంక్రమిస్తుంది. కాబట్టి ఆసుపత్రి రిజిస్టర్లలో ఆడా మగా సగం సగం ఉండాలి. 2005లో ఇటలీ, అమెరికా ఆసుపత్రుల్లోని 969 మంది రోగుల్ని లెక్కపెట్టిన అధ్యయనంలో నూటికి అరవై మంది దాకా మగవాళ్ళే. ఆడవాళ్ళకి జబ్బు ఉందని తెలిసేసరికి వయసు మీరిపోయింది, లక్షణాలూ ముదిరిపోయాయి. మరి మిగతా ఆడవాళ్ళేమయ్యారు? కొంత కారణం కొలబద్దలోనే ఉంది. గుండె గోడ 15 మిల్లీమీటర్లు దాటితే జబ్బు అని అందరికీ ఒకే గీత పెట్టుకున్నారు. ఆడవాళ్ళ గుండె మామూలుగానే చిన్నది. నాలుగున్నర అడుగుల మా చిన్నమ్మకీ ఆరడుగుల మనిషికీ ఒకటే గీత. మిగతా కారణం కొలబద్దకి బయట ఉంది. ఆయాసమొస్తోందని ఆడమనిషి అంటే ఎవరు వింటారు, ఎప్పుడు వింటారు, బస్సెక్కించి పట్నం ఎవరు తీసుకువెళ్తారు?

కాన్పు సంగతి చూడండి. కాన్పు చివరి నెలలోనో, కాన్పయిన అయిదు నెలల్లోపో గుండె బలహీనపడి, ఒళ్ళంతా నీరు పట్టి చనిపోయే ఆడవాళ్ళున్నారు. మా ఊళ్ళో దాన్ని బాలింత ఉబ్బు అనేవాళ్ళు. పథ్యం తప్పిందని బాలింతనే తిట్టేవాళ్ళు. 2016లో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వచ్చిన ఒక అధ్యయనం, అలాంటి 172 మంది స్త్రీల జన్యువుల్ని పరీక్షించి, వాళ్ళలో 15 శాతం మందిలో సాగిపోయే గుండెజబ్బుకి కారణమయ్యే మార్పులే ఉన్నాయని చెప్పింది. అంటే వాళ్ళు తిన్న వంకాయ కూరకీ తాగిన చల్లనీళ్ళకీ సంబంధం లేదు. కాన్పు మోసిన బరువుకి అప్పటికే ఉన్న లోపం బయటపడింది. లాంగ్ క్యూటీలో కూడా ఒక రకం ఉన్నవాళ్ళకి కాన్పు తర్వాతి నెలలే అన్నిటికంటే ప్రమాదం. గుండె కండరం, గుండె లయ అని హైదరాబాదులో ఒక విభాగం దశాబ్దాలుగా పట్టుకున్న విషయం మన పురిటిగదుల చరిత్రకి ఇంత దగ్గరిది. 1991లో ‘సవాలక్ష సందేహాలు’ చదివి మన శరీరాల గురించి ప్రశ్నలడగడం నేర్చుకున్న తరం నాది. కానీ మా ప్రశ్నలు గర్భసంచి దగ్గర ఆగిపోయాయి, గుండె దాకా రాలేదు. గుండె అంటే మనకి కవిత్వమే అయింది.

ఇప్పుడు ఆ 25 అక్షరాల ముక్క దగ్గరికి మళ్ళీ వస్తాను. అది ఎప్పటిదని లెక్క వేసినవాళ్ళు సుమారు ముప్పయి వేల ఏళ్ళ నాటిదని అంచనాకి వచ్చారు. ఉత్తరాదిలో ఉంది, దక్షిణాదిలో ఉంది, అనేక భాషలవాళ్ళలో ఉంది, పైకులాల్లో, కిందికులాల్లో ఉంది. అంటే అది కులం కంటే పాతది. ఇంతమందిలోకి అది చేరాలంటే ఒకప్పుడు అందరూ అందరితో పిల్లల్ని కన్నారన్నమాట. 2013లో ప్రియా మూర్జానీ మొదటి రచయిత్రిగా, తంగరాజ్, లాల్జీ సింగ్ కూడా పాల్గొన్న మరో అధ్యయనం వచ్చింది. దాని ప్రకారం ఈ దేశంలో జనసమూహాలు సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా విస్తారంగా కలిసిపోయాయి, ఆ తర్వాత కలవడం ఆగిపోయింది. ఎవరికి వాళ్ళు తమలో తాము మాత్రమే పెళ్ళిళ్ళు చేసుకోవడం మొదలుపెట్టారు. ఆ ఆగిపోవడం వల్ల ఒక్కో కులంలో ఒక్కో జన్యులోపం పేరుకుపోయింది.

జన్యుశాస్త్రవేత్తలు దీన్ని ఎండోగమీ అని ఒక్క మాటలో చెప్పి పక్కకు వెళ్తారు. ఆ మాట వెనక ఎంత హింస ఉందో 1916 మే నెలలో, కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక సెమినారులో ఇరవై అయిదేళ్ళ అంబేడ్కర్ చెప్పాడు. కులానికి ప్రాణం లోపలి పెళ్ళిళ్ళే అనీ, వాటిని నిలబెట్టడానికే సతీ, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం పుట్టాయనీ ఆయన వాదన. అంటే నాళాల్లో మనం చదువుతున్న ఆ ‘ఆగిపోవడం’ దానంతటది జరగలేదు. ఆడపిల్లల్ని కాపలా కాసి ఆపారు. ఒక కులపు జన్యుపటం అంటే ఆ కులపు ఆడవాళ్ళ పెళ్ళిళ్ళమీద పెట్టిన కాపలా రికార్డు. ఈ మాట ఏ జన్యుశాస్త్ర పత్రంలోనూ లేదు. నేనంటున్నాను.

మా ఊరివాళ్ళకి ఈ కాపలా గురించి పుస్తకాలు చదవాల్సిన పని లేదు. 2018 సెప్టెంబర్ 14న గర్భిణీ పరీక్షకోసం భార్యని మిర్యాలగూడలో ఆసుపత్రికి తీసుకొచ్చి, బయటికి వస్తున్న ఒక దళిత యువకుణ్ణి ఆమె కళ్ళముందే నరికి చంపారు. పేర్లు మీకందరికీ తెలుసు, మళ్ళీ రాయను. కులం దాటి పెళ్ళి చేసుకున్నందుకు పిల్ల తండ్రే కిరాయికి మనుషుల్ని పెట్టాడన్నది కేసు. విచారణ పూర్తికాకముందే, 2020లో, ఆ తండ్రి ఆత్మహత్య చేసుకున్నాడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. ఆ రోజుల్లో ఊళ్ళో చాలామంది నోట విన్న మాట “కన్నతండ్రి గుండె ఎంత తల్లడిల్లిందో” అని. తండ్రి గుండె! ఆ వాక్యం విన్నప్పటినుంచీ గుండె అనే మాటని నేను మునుపటిలా వాడలేకపోతున్నాను.

2009 నాటి ఫలితం తర్వాత ఏమైందో కూడా చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది. ఆరు కోట్లమందికి గుండెలో గడియారం బాంబు ఉన్నట్టు ప్రచారమైంది కదా. 2018లో అమెరికాలోని దక్షిణాసియా సంతతివాళ్ళ మీద చేసిన ఒక అధ్యయనం, ఆ 25 అక్షరాల లోపంతోపాటు అదే జన్యువులో ఇంకో చిన్న మార్పు ఉన్నవాళ్ళని గుర్తించింది. 2020లో మరో బృందం, అసలు ప్రమాదమంతా దాదాపుగా ఒక అరుదైన రెండో మార్పుదేననీ, పాత లోపం ఉన్నవాళ్ళలో చిన్న భాగానికే ఆ రెండోది కూడా ఉంటుందనీ చూపించింది. పాత లోపం ఒక్కటే ఉన్న కోట్లమంది అంతగా భయపడనక్కర్లేదన్నమాట. శాస్త్రం తనని తాను దిద్దుకుంది, మంచిదే. ఆరు కోట్ల అంకె మొదటి పేజీల్లో వచ్చింది, దిద్దుబాటు లోపలి పేజీల్లో కూడా వచ్చినట్టు నేను చూడలేదు. మధ్యలో ఉన్న పదకొండేళ్ళలో ఏ ఇంట్లో ఏ సంబంధం ఈ వార్త వల్ల తప్పిపోయిందో ఏ అధ్యయనమూ లెక్కపెట్టదు. పరిశోధన మాత్రం సాగుతోంది. 2021లో సాగిపోయే గుండెజబ్బుమీద సీసీఎంబీ నుంచి వచ్చిన మరో పత్రంలో దీపా సెల్వి రాణి పేరు మధ్యలో లేదు, మొదట ఉంది.

వరండాలో చిన్నమ్మ ఆ మాట అన్న రాత్రి నేను ఇంటికొచ్చి, చేతికందిన ఒక శుభలేఖ వెనక మా ఇంటి పటం గియ్యడం మొదలుపెట్టాను. అక్క, చిన్నమ్మ, అమ్మ ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. మగవాళ్ళు ఎవరూ లేని రాత్రి చూసుకునే కూర్చున్నాం. మామ చతురస్రాన్ని నల్లగా నింపి గీత కొట్టినప్పుడు అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “అయితే నేను మింగలే గద” అంది. జన్యుశాస్త్రం వల్ల నాకు తెలిసిన ప్రయోజనాల్లో అది మొదటిది. రెండో విషయం కూడా ఆ కాగితంమీదే ఉంది, అక్కకీ మామకీ మధ్య రెండు గీతలు. వాళ్ళ కొడుక్కి ఇప్పుడు ఇరవై ఆరు. ఎకో తీయించుకొమ్మంటే నవ్వి బండెక్కి వెళ్ళిపోతాడు. నేను తీయించుకున్నాను. అమ్మ తీయించుకోనంటోంది. చిన్నమ్మ కూతురు తనే చెప్పాపెట్టకుండా వెళ్ళి తీయించుకుని, రిపోర్టు ఎవరికీ చూపించకుండా బీరువాలో చీరల కింద పెట్టుకుంది. అందులో ఏముందని నేను అడగలేదు. పెళ్ళి మాటలు మాత్రం ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

పటం పైవరసలో అమ్మమ్మ తల్లి ఉంది. ఆమెకి అయిదుగురు ఆడపిల్లలు. ముగ్గురి సంగతే మాకు తెలుసు. మిగతా ఇద్దర్ని చిన్నప్పుడే దూరం ఇచ్చేశారట. ఒకామె కాన్పులో పోయిందని అమ్మ అంటుంది, కాన్పయిన మూడో నెలలో ఒళ్ళు ఉబ్బి పోయిందని చిన్నమ్మ అంటుంది. రెండో ఆమెని సూర్యాపేట వైపు ఇచ్చారు. పేరు ఎవరికీ గుర్తు లేదు. రెండు గుండ్రాలు గీసి పక్కన ప్రశ్న గుర్తులు పెట్టాను. సూర్యాపేటలో ఆమె మనవరాలు ఒకామె టీచరుగా చేస్తున్నదని అక్క ఎక్కడో విని, మొన్న ఆమె నంబరు సంపాదించింది. ఆదివారం చేస్తానంది.